సంచిలో రిమోటు

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పి ఎరగరు. నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీలో లెక్కలు రాస్తారు. అయినా ఇంటా బయటా అందరికీ సూక్తుల మాస్టారే. పెన్సిలు మొన విరిగినా, పాలు పొంగినా, పక్కింటివాళ్లు కొత్త సోఫా కొన్నా ఆయన దగ్గర ఒక సూక్తి తయారుగా ఉంటుంది. "పిల్లల్ని పెంచడమంటే రిమోటు పెద్దవాళ్ల చేతిలో ఉంచుకోవడమే" అన్నది వాటిలో తాజాది.

కూతురికి పరీక్షలు జరుగుతున్నాయి. ఆ ఉదయం కూడా ఆయన టీ తాగి, టీవీ రిమోటు తీసి, టిఫిన్ డబ్బా ఉన్న గుడ్డసంచిలో పడేసుకున్నారు. పరీక్షలు మొదలైన నాటి నుంచీ అది రోజూ ఆయనతోపాటు ఆఫీసుకు వెళ్లొస్తోంది.

"పాపం, దానికి కూడా జీతం ఇమ్మని మీ యజమానిని అడక్కపోయారా," అంది భార్య.

"నవ్వుకో. పరీక్షలయ్యేదాకా ఈ ఇంట్లో టీవీ మోగిందా, ఆ రోజు నుంచి నేను సూక్తులు చెప్పడం మానేస్తాను."

కూతురు పుస్తకంలోంచి తల పైకెత్తింది. పిల్ల చిన్నదే గాని బేరం పోనిచ్చే రకం కాదు. "నిజంగానా నాన్నా? ఒక్కటి కూడా చెప్పవా?"

"ఒక్కటి కూడా."

"అమ్మా, నువ్వే సాక్షి."

సూక్తులు పోతే ఆ ఇంట్లో ఆయనకు మిగిలేది చెత్తబుట్ట బయటపెట్టే హక్కు ఒక్కటే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే మెట్లు దిగుతూ సంచిని మరోసారి తడిమి చూసుకున్నారు.

ఆఫీసులో ఆ రోజు పెద్ద మీటింగు. చప్పుడు చేయని కొత్త పంపు ఒకటి తయారైంది. దాన్ని డీలర్లందరికీ మీటింగు గదిలోని టీవీ మీద చూపించాలని యజమాని ఏర్పాటు. ఆ టీవీ కొనిపెట్టింది మన మాస్టారే. "ఒకటి కొంటే ఖర్చు, రెండు కొంటే లాభం" అంటూ ఒకే కొట్లో ఒకే కంపెనీవి రెండు బేరమాడి, పెద్దది ఆఫీసులో పెట్టించి చిన్నది ఇంటికి తెచ్చుకున్నారు. ఆ బేరం గురించి ఆఫీసులో వినని మనిషి లేడు.

మాట్లాడినవన్నీ రాసుకోవడం మాస్టారి పని కాబట్టి ముందు వరుసలో కూర్చున్నారు. సంచి ఒళ్లో పెట్టుకున్నారు. "మన సంచి మన ఒళ్లో ఉన్నంతసేపే మనది" అన్నది మరో సూక్తి. అందులోంచి రిమోటు మూతి బయటపెట్టి టీవీకేసి చూస్తోంది. ఆయన రాయడానికి ముందుకు వంగారు. పొట్ట వెళ్లి డబ్బాను నొక్కింది, డబ్బా వెళ్లి రిమోటును నొక్కింది.

తెర మీద పంపు మాయమైంది. దాని స్థానంలో గులాబీరంగు ఎలుగుబంటి ఒకటి వచ్చి, పళ్లెలా తోముకోవాలో పాట పాడడం మొదలుపెట్టింది.

డీలర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యజమాని గొంతు సవరించుకుని, తన రిమోటుతో పంపును వెనక్కి తెచ్చారు. "ఏదో పొరపాటు. నేను చెప్పేదేంటంటే, మా పంపు నడుస్తుంటే పక్కన పడుకున్న పసిపిల్ల కూడా లేవదు. అసలు చప్పుడనేదే..."

మాస్టారు ఆ మాట రాసుకోవడానికి మళ్లీ వంగారు.

ఎలుగుబంటి ఈసారి గది అద్దాలు అదిరేలా పాడింది. వెనక వరుసలో కునుకు తీస్తున్న డీలరు ఒకాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరూ నవ్వడంతో యజమాని మొహం కందగడ్డలా అయిపోయింది.

అప్పుడు చెమట తుడుచుకుందామని, రుమాలు కోసం మాస్టారు సంచిలో చెయ్యి పెట్టారు. రుమాలుకు బదులు రిమోటు తగిలింది, టీవీ ఆరిపోయింది. కంగారులో వేలు మళ్లీ పడింది, టీవీ వెలిగింది. దొంగ ఎవరో ఆయనకు అర్థమైపోయింది. గుండె జారి డబ్బాలో పడ్డంత పనైంది. చెబితే ఉద్యోగం పోతుందేమో, చెప్పకపోతే పాపం. కక్కలేక మింగలేక రిమోటును డబ్బా కిందికి తోసి, బుద్ధిమంతుడిలా నిటారుగా కూర్చున్నారు.

మీటింగు అర్ధంతరంగా ముగిసింది. మెకానిక్‌ను పిలిపించారు. అతను టీవీ వెనక మూత విప్పి, లోపలికి టార్చి వేసి, డాక్టరు నాడి చూసినంతసేపు చూశాడు.

"బల్లి దూరిందండి," అన్నాడు.

"ఏదీ బల్లి?"

"వెళ్లిపోయిందండి. అది తిరిగిన చోటల్లా ఛానెల్ మారిపోతుంది. మొన్ననే కదండీ నేను అంతా చూసి వెళ్లాను, అప్పుడు లేదండి."

"మొన్న చూసి ఇవాళ బల్లంటావా? రేపట్నుంచి మా గడప తొక్కకు," అన్నారు యజమాని.

మెకానిక్ మొహం చిన్నబోయింది. అది చూసి మాస్టారు ఉండబట్టలేకపోయారు. మనిషి పిరికే గాని చెడ్డవాడు కాదు. "సార్, అతన్నేమీ అనకండి. తప్పు నాది."

యజమాని ఆయన్ని తేరిపార చూశారు. "ఈ టీవీ కొనమన్నది నువ్వే కాబట్టి తప్పు నీదంటావు. అంతేనా?"

"అది కాదండి, సంచిలో..."

"ఇంకేం చెప్పకు. వేరేవాడైతే ఈపాటికి కొట్టువాడి మీదికి తోసేసేవాడు. నువ్వు పెద్దమనిషివయ్యా. ఈ టీవీని నా కళ్లెదుట ఉంచుకోలేను, నా పరువు తీసింది. నువ్వే తీసుకెళ్లు. పైసా ఇవ్వక్కర్లేదు."

"వద్దండి. ఇంట్లో పాపకు పరీక్షలు."

"మొహమాటపడకు. నేనే కారులో వచ్చి దిగబెడతాను. ఒరేయ్ మెకానిక్కూ, నువ్వూ ఎక్కు, బిగించి చూపిద్దువుగాని."

దారి పొడుగునా మాస్టారు చెప్పడానికి నోరు తెరుస్తూనే ఉన్నారు, యజమాని మెచ్చుకుంటూనే ఉన్నారు. పొగడ్తలు విన్నకొద్దీ నిజం బరువెక్కుతుంది. ఇల్లొచ్చేసరికి అది ఆయన ఒక్కరి వల్ల కదిలే సరుకు కాకుండా పోయింది.

యజమాని చేతుల్లో టీవీని చూసి భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. కూతురు మాత్రం పుస్తకం మూసేసి వచ్చి నిలబడింది. మెకానిక్ పెద్ద టీవీని పాత టీవీ పక్కనే బల్ల మీద పెట్టి, తీగలు తగిలించాడు.

"ఏదీ, రిమోటు ఇలా ఇవ్వు," అన్నారు యజమాని.

"ఆఫీసులోనే మర్చిపోయామండి," అన్నాడు మెకానిక్.

"అయ్యో, పోన్లెండి, రేపు చూసుకుందాం," అన్నారు మాస్టారు, ప్రాణం లేచొచ్చి.

"రిమోటు నాన్న సంచిలోనే ఉందండీ," అంది కూతురు. "రోజూ ఆఫీసుకు పట్టుకెళతారు." ఆయన వద్దనేలోపు సంచిలో చెయ్యి పెట్టి తీసి, నొక్కింది.

రెండు టీవీలూ ఒక్కసారే వెలిగాయి. రెండింటిలోనూ గులాబీరంగు ఎలుగుబంటి పళ్లు తోముకుంటోంది.

యజమాని ఎలుగుబంట్లను చూశారు, రిమోటును చూశారు, చివరికి సంచిని చూశారు. "పొద్దున ఈ సంచి నీ ఒళ్లో ఉంది కదూ?"

"తప్పు నాదని అప్పుడే మనవి చేసుకున్నానండి."

యజమాని మెకానిక్ వైపు తిరిగారు. "మరి బల్లి ఏమైందిరా?"

"ఇందులోకి కూడా దూరి ఉండొచ్చండి," అన్నాడు మెకానిక్, చిన్న టీవీని చూపిస్తూ.

యజమాని సోఫాలో కూలబడ్డారు. పాట అయ్యేదాకా ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు, అప్పుడు లేచారు. "ఉద్యోగం తీసెయ్యాలనే అనుకున్నాను. నీలా తప్పు ఒప్పుకునేవాడు మళ్లీ దొరకడు, అందుకని ఊరుకుంటున్నా. ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోను. డబ్బు మాత్రం నీ జీతంలోంచి కోస్తాను," అని మెకానిక్‌ను వెంటేసుకుని వెళ్లిపోయారు.

"వద్దన్న వస్తువు డబ్బిచ్చి మరీ తెచ్చుకున్నాం," అంది భార్య.

"నాన్నా, పందెం," అంది కూతురు.

మాస్టారు నోరు తెరిచారు. ఇలాంటి సందర్భానికి ఆయన దగ్గర చక్కటి సూక్తి ఒకటుంది. పొద్దున ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. తెరిచి చెప్పినా వినపడేది కాదు, రెండు టీవీలు మోగుతున్నాయి.