చెప్పులకు కాపలా

మరమ్మతుగారికి ఆ పేరు పెట్టింది ఇరుగుపొరుగువాళ్ళు. బాగా పనిచేస్తున్న వస్తువునైనా సరే, ఓసారి విప్పి చూడందే ఆయనకు నిద్రపట్టదు. ఈసారి ఆయన చూపు కెమెరా మీద పడింది. పాత లాప్‌టాప్ నుంచి పీకిన కెమెరా కన్ను, మూతపోయిన సబ్బుపెట్టె, ఒక పొడవాటి యూఎస్‌బీ వైరు. ఇంతే సరంజామా.

"ఎందుకండీ ఇదంతా?" అంది భార్య.

"మెట్ల దగ్గర చెప్పులు పోతున్నాయోయ్. కాపలా ఉండాలి."

"మీ చెప్పులా? కుక్క కూడా వాసన చూసి వదిలేస్తోంది."

అసలు సంగతి చెప్పులు కాదు, వంటింటి పై అరలో ఉన్న క్రీము బిస్కెట్ల డబ్బా. ఒంట్లో చక్కెర ఇంకాస్త పెరిగితే రోజూ సూది తప్పదని డాక్టరు తేల్చి చెప్పాడు. సూదంటే మరమ్మతుగారికి ప్రాణభయం, బిస్కెట్టంటే ప్రాణం. ఇక ముట్టనని భార్యకు ఇచ్చిన మాట ఆ రెండింటి మధ్య నలిగిపోతోంది. ఆవిడ బట్టల కోసం మేడ మీదికి వెళ్ళినప్పుడే అవకాశం. ఎప్పుడు దిగొస్తుందో తెలియక, సగం కొరికిన బిస్కెట్టు జేబులో కుక్కుకోవడం, జేబుకు చీమలు పట్టడం మామూలైపోయింది. మెట్లు కంప్యూటర్లో కనిపిస్తే ఆ బెంగ ఉండదు.

కెమెరాను సబ్బుపెట్టెలో బిగించి మెట్ల దగ్గర పెట్టి, వైరును కొత్త లాప్‌టాప్‌కు గుచ్చారు. 'గుర్తు తెలియని పరికరం' అంది కంప్యూటరు. తీసి గుచ్చారు, ఊది గుచ్చారు, తిట్టి గుచ్చారు. అదే మాట.

"ఏమంటోంది?"

"ఇదెవరో తెలీదంటోంది. ప్రతి కెమెరాకీ ఓ నంబరుంటుందోయ్. లోపల డ్రైవరని ఓ ప్రోగ్రాం ఉంటుంది. దానికి తెలిసిన నంబర్లలో మనది లేదు. ఇంట్లో పుట్టిన కెమెరా కదా!"

"లేకపోతే చేర్చండి. దాన్ని తిడితే ఏం లాభం?"

"అదే చేయబోతున్నా" అన్నారు మరమ్మతుగారు. డ్రైవరు ఫైలు తెరిచి, ఇంచుమించు ఇలాంటిదే మరో కెమెరా పక్కన దీని నంబరు ఇరికించారు. తెర మీద మెట్లు ప్రత్యక్షమయ్యాయి. మెట్లు, చెప్పులు, కమ్మీ మీద ఆరేసిన ఎర్ర దుప్పటి. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆవిడ బట్టలు తేవడానికి మేడెక్కగానే లాప్‌టాప్ వంటింట్లోకి చేరింది. ఒక బిస్కెట్టు. మెట్లు ఖాళీ. ఇంకొకటి. మెట్లు ఖాళీ. నిలబడి తినే ఖర్మ ఏమిటని కుర్చీ లాక్కున్నారు. చాలా రోజుల తర్వాత బిస్కెట్టును మింగకుండా నమిలి తిన్నారు.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదోయ్" అన్నారు తెర మీంచి చూపు తిప్పకుండా. తర్వాత నమలడం ఆపేశారు.

భార్య వెనక నుంచి వంగి చూసింది. "ఈ దుప్పటి ఇంకా ఆరుతూనే ఉందే?"

తెర మీద ఎర్ర దుప్పటి నిశ్చింతగా వేలాడుతోంది. అదే దుప్పటి మడతపెట్టి ఆవిడ చంకలో ఉంది. బొమ్మ ఎప్పుడో బిగుసుకుపోయింది.

మరమ్మతుగారు తిట్లకు సిద్ధపడ్డారు. ఆవిడ తిట్టలేదు. డబ్బాకు మూత పెట్టి, "మీకు రోజూ సూది గుచ్చుతుంటే నేను చూడలేనండీ. నాకు భయం" అంది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

మళ్ళీ ఆవిడే అంది: "పాపం, ఇంత కష్టపడ్డారు. ఇది బిగుసుకుపోకుండా చేయడం మీవల్ల కాదా?"

'కాదా' అన్న మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. నంబరొక్కటీ చేరిస్తే సరిపోదని, ఈ కెమెరా బొమ్మలు పంపే వేగం కూడా డ్రైవరుకు చెప్పాలని సాయంత్రానికల్లా కనిపెట్టారు. ఈసారి ఈగ వాలినా తెర మీద కనిపించింది.

"చూశావా! రోజంతా పెట్టినా ఆగదు!"

"నా ఫోన్లో కూడా కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదు? ఇలా ఇవ్వు!" అని అదీ అమర్చిపెట్టారు.

ఆవిడ మెట్ల దగ్గరి సబ్బుపెట్టెను తెచ్చి, వంటింటి పై అరలో డబ్బాకు ఎదురుగా పెట్టింది. ఫోన్లో చూసుకుని, కాస్త ఎడమకు తిప్పింది.

"మరి చెప్పులో?" అన్నారు మరమ్మతుగారు నీరసంగా.

"పోతే పోనీండి. చెప్పులు మళ్ళీ కొనుక్కోవచ్చు."