పేజీలున్న పుస్తకాలు

“మనిషి ఎత్తు తెలియాలంటే అతని పుస్తకాల అలమర ఎత్తు కొలవాలి!”

తూనికలు కొలతల శాఖ డిప్యూటీ గారు ఈ మాటను ఇప్పటికి నలభై సభల్లో చెప్పారు. నలభైసార్లూ చప్పట్లు పడ్డాయి. చిన్న చిక్కేమిటంటే, ఆ లెక్కన ఆయన సొంత ఎత్తు గచ్చుతో సమానం. ఆయన ఇంట్లో అచ్చుకాగితమంటే గోడ మీది క్యాలెండరు, ఫ్రిజ్ తాలూకు వారంటీ కార్డు. ఆ రెండోదైనా చదివి ఉంటే ఫ్రిజ్ ఎప్పుడో బాగుపడేది.

ముప్పై ఏళ్ళుగా బాధించని ఈ లోటు ఉన్నట్టుండి బాధించడానికి కారణం పఠనాభివృద్ధి సంఘం. ఊళ్ళో పెద్దమనుషులంతా అందులోనే ఉన్నారు. దాని అధ్యక్షుల వారికి మోకాళ్ళు అరిగిపోయి, వేదికల మెట్లెక్కలేక పదవి వదులుకుంటున్నారు. ఖాళీ అవుతున్న ఆ కుర్చీ మీద డిప్యూటీ గారి కన్ను పడింది. కన్ను పడ్డ సంగతి కార్యవర్గానికి చేరింది. వెంటనే కబురొచ్చింది: “ఆదివారం సాయంత్రం ముగ్గురం మీ ఇంటికి టీకి వస్తాం. మీ గృహ గ్రంథాలయం కూడా చూసినట్టుంటుంది.”

“గృహ గ్రంథాలయమా? ఏ గృహంలో?” అంది ఆయన భార్య.

డిప్యూటీ గారు కంగారు పడలేదు. ప్రభుత్వోద్యోగి కదా! తనిఖీకి ముందు లేనిదాన్ని ఉన్నట్టు చూపించడంలో ఆయనకి పాతికేళ్ళ సర్వీసుంది. ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో వెతికారు. దొరికింది! ‘అలంకరణ గ్రంథాలు. పైకి అచ్చం పుస్తకం, లోపల పూర్తిగా ఖాళీ. తోలు రంగు అట్ట, బంగారు అక్షరాలు. చెదపురుగుల భయం లేదు.’ ఒకేసారి అరవై ఆర్డరు పెట్టేశారు. డబ్బాల లోతు నాలుగంగుళాలే కనక, వడ్రంగిని పిలిచి నాలుగున్నర అంగుళాల లోతున, అద్దాల తలుపులతో, గోడ నిండా అలమర కొట్టించారు. అర అంగుళం గాలి ఆడటానికి.

బుధవారం పార్సిళ్ళొచ్చాయి. మోసుకొచ్చినతను నాలుగు పెట్టెలూ దించి నడుం పట్టుకున్నాడు.

“ఏమున్నాయి సార్ ఇందులో? రాళ్ళా?”

“పుస్తకాలయ్యా, పుస్తకాలు!” అన్నారు డిప్యూటీ గారు, పక్కింటి దాకా వినబడేలా.

అతను వెళ్ళాక గానీ ఆయనకి అనుమానం రాలేదు. ఖాళీ డబ్బాలకి అంత బరువెందుకు? టేపు చింపి ఒకటి పైకి తీశారు. అది తెరుచుకుంది! లోపల కాగితాలు! కాగితాల నిండా అక్షరాలు! ఇంకోటి తీశారు. అదీ అంతే. అరవయ్యీ అంతే. మోసం! నిలువునా మోసం!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. అవతల అమ్మాయి గొంతు తియ్యగా పలికింది.

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. వస్తువు పగిలిందా?”

“లేదు.”

“తడిసిందా? చిరిగిందా?”

“అదేం లేదమ్మా. బ్రహ్మాండంగా ఉన్నాయి. చదువుకోవచ్చు. అదే నా కంప్లయింటు!”

“సార్, మీరు ఆర్డరు చేసినవి పుస్తకాలేనా?”

“పుస్తకాలే. కానీ పుస్తకాలు కాదు. లోపల ఏమీ ఉండకూడదు. మీరు లోపల ఏదో పెట్టి పంపారు!”

“లోపల ఏం పెట్టారు సార్?”

“విషయం!” అని అరిచారు డిప్యూటీ గారు.

ఆ అమ్మాయి స్క్రీన్ మీద ‘విషయం ఉంది’ అనే మీట లేదు. ‘ఇతర కారణాలు’ నొక్కింది. మంగళవారం మనిషొచ్చి పెట్టెలు తీసుకెళ్తాడని, అంతవరకు ఓపిక పట్టమని, ఈ సంభాషణకి అయిదు నక్షత్రాలు ఇవ్వమని చెప్పి పెట్టేసింది. మంగళవారం! ఆదివారం గడిచిన రెండో రోజు!

ఈలోగా ఆయన భార్య పెట్టె అడుగున ఉన్న చీటీ చూసింది. “ఏవండీ, ఇవి పెద్దాసుపత్రి వాళ్ళవి. రోగుల పఠన గది అని రాసుంది. మీ డబ్బాలు అక్కడికి పోయుంటాయి. పాపం, మంచాల మీద పడున్నవాళ్ళు అట్ట తెరిచి చూసి ఏమైపోతారో! ఇవాళే పంపించేద్దాం.”

“సోమవారం పంపిద్దాం.”

“రోగులండీ వాళ్ళు!”

“రోగులెక్కడికీ పోరు. కార్యవర్గం ఆదివారం వస్తోంది,” అన్నారాయన. మంచివారే, కాదనలేం. కాకపోతే ఆ మంచితనానికి అప్పుడప్పుడూ తేదీ మారుతూ ఉంటుంది.

ఇంతలో ఇంకో ఉపద్రవం. పుస్తకాల వెడల్పు ఆరంగుళాలు! అలమరలో పెడితే ఒకటిన్నర అంగుళం బయటికి పొడుచుకొస్తోంది, అద్దాల తలుపు మూసుకోవడం లేదు. వడ్రంగి మళ్ళీ వచ్చాడు. అలమర చూశాడు, పుస్తకాలు చూశాడు, సంచిలోంచి రంపం తీశాడు.

“అలమర పెంచడం కుదరదు సార్. పుస్తకాలు తగ్గిద్దాం. అటువైపు రెండంగుళాలు లేపేస్తే సరిపోతుంది.”

డిప్యూటీ గారికి ఇది సాంకేతికంగా సబబుగానే తోచింది. “కానీ సమంగా పోవాలి,” అన్నారు.

భార్య వచ్చి పెట్టెల మీద కూచుంది. “రంపం పెడితే ముందు నాతో చెప్పండి. ఆస్పత్రి పెద్ద డాక్టరుకి నేనే ఫోన్ చేస్తాను, ఫలానా వారి ఇంట్లో మీ పుస్తకాలకి ఆపరేషన్ జరుగుతోందని.”

వడ్రంగి రంపం సంచిలో పెట్టేశాడు. తలుపులు ఊడదీసి మంచం కింద దాచాడు. “ఇలా ఉంటేనే బాగుంది సార్, రోజూ తీసి చదివే ఇల్లులా ఉంది,” అని పొగిడి వెళ్ళిపోయాడు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. వంగిన మోకాళ్ళతో పాత అధ్యక్షులు, లావుపాటి కార్యదర్శి, సన్నపాటి కోశాధికారి. అలమర చూడగానే “ఓహో!” అన్నారు ముక్తకంఠంతో. కార్యదర్శి అలవాటు కొద్దీ ఒక పుస్తకాన్ని వేలి కణుపుతో కొట్టి చూశారు. మామూలుగా డబ్బా మోత రావాలి. రాలేదు. ఆయన మొహం మారింది. కోశాధికారి మెల్లగా ఒకటి లాగి తెరిచారు.

“పేజీలున్నాయి!” అన్నారు, పుస్తకాన్ని దూరంగా పట్టుకుని.

అంతేనా! పేజీల మధ్య ఒక జడపిన్ను. ఇంకో దాంట్లో పాత బస్సు టికెట్టు. మరోదాంట్లో చాకలి పద్దు, పక్కన పెన్సిల్ గీతలు, ఒక చోట ‘అయ్యో!’ అని కూడా రాసుంది. డిప్యూటీ గారి భార్య బుధవారం నుంచి ఊరికే కూచోలేదు మరి.

ఆ గుర్తులు చూసి డిప్యూటీ గారు ఉప్పొంగిపోయారు. “ఏదో, తీరిక దొరికినప్పుడు రెండు మూడుసార్లు తిరగేస్తుంటాను,” అన్నారు వినయంగా.

ముగ్గురూ కుర్చీల్లో కూలబడ్డారు. టీ చల్లారిపోతోంది.

“చూడండి,” అన్నారు పాత అధ్యక్షులు, చావుకబురు చెప్పేవాడిలా. “పోయినసారి కూడా ఇలాగే ఒక చదివేవాణ్ణి పొరపాటున చేర్చుకున్నాం. ప్రతి సభలో నేనేది చెప్పినా, ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో అని అడిగేవాడు. వదిలించుకునేసరికి మూడేళ్ళు పట్టింది. మాది పరువు గల సంఘం. మీరు... క్షమించాలి.”

కుర్చీ జారిపోతోంది! డిప్యూటీ గారు లేచి నిలబడ్డారు.

“అయ్యా! నేను ఒక్క ముక్క చదవలేదు! ఒట్టు!”

“అందరూ ఇలాగే అంటారు. రుజువేది?” అన్నారు కార్యదర్శి. చేతికందిన పుస్తకం లాగి ఎదురుగా పట్టుకున్నారు. “ఇది రాసిందెవరు?”

“తెలీదండి!”

“దేని గురించి?”

“అట్ట మీద మంట బొమ్మ ఉంది కదండీ, వంటలనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నాను,” అన్నారు కార్యదర్శి, వచ్చాక మొదటిసారి నవ్వి.

“మీరు ఆఖరిసారి పుస్తకం పట్టుకున్నదెప్పుడు?” అని కోశాధికారి అందుకున్నారు.

“డిపార్ట్‌మెంటు పరీక్షప్పుడండి. అదీ గైడు. అదీ ఒళ్ళో పెట్టుకుని!”

ముగ్గురి మొహాలూ విచ్చుకున్నాయి. “మరి ఈ జడపిన్నులు?”

“నేను ఆర్డరు పెట్టింది ఖాళీ డబ్బాలకేనండి, పొరపాటున ఇవొచ్చాయి. పిన్నులు మా ఆవిడవి.”

“ఆవిడ సభలకి వస్తారా?” అన్నారు పాత అధ్యక్షులు, ముందుకు వంగి.

“రానండి,” అంది తలుపు దగ్గర్నుంచి ఆవిడే. “చదువుకోవాలి.”

అక్కడికక్కడే తీర్మానం రాశారు. ఏకగ్రీవం! కొత్త అధ్యక్షుల వారికి కరచాలనాలు చేసి, చల్లారిన టీ తాగి, పోతూ పోతూ కార్యదర్శి ఆయన్ని పక్కకి లాగారు. “మా ఇంట్లోవి ఎండకి వెలిసిపోతున్నాయి. మీరు ఆర్డరు పెట్టిన డబ్బాలు ఏ కంపెనీవి?”

మర్నాడు పొద్దున్నే ఆవిడ పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. జడపిన్నులన్నీ ఏరి తలలో పెట్టుకుంది, పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపింది. ‘అయ్యో’ని మాత్రం ఉంచేసింది, రోగులకి తోడుగా ఉంటుందని. ఈ ఉత్సాహంలో అధ్యక్షుల వారు కూడా ఒక చెయ్యి వేశారు. పుస్తకాలు అందిస్తుండగా ఒకటి జారి నేల మీద తెరుచుకుని పడింది. తీసి మూయబోయారు. ఒక వాక్యం కంట్లో పడింది. తుఫానులో సముద్రపొడ్డు దీపస్తంభం మీద ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, నూనె అయిపోతోంది, కింద మెట్ల మీదికి నీళ్ళెక్కుతున్నాయి. చెల్లెలు నూనె డబ్బా పట్టుకుని కిందికి దిగింది. ఆయన పేజీ తిప్పారు. నిలబడే తిప్పారు. ఇంకోటి తిప్పారు.

“బండి వచ్చింది, ఇటివ్వండి,” అంటూ భార్య ఆ పుస్తకం లాక్కుని పెట్టెలో పడేసి మూత బిగించింది.

అధ్యక్షుల వారు బండి దాకా వెంటపడ్డారు. చెప్పుల్లేకుండా.

“ఇదిగో, ఒక్క మాట! ఇంతకీ ఆ చెల్లెలు పైకొస్తుందా?”

ఆవిడ బండెక్కి, పెట్టెల మీద చెయ్యేసి, వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“నెమ్మదిగా అనండి. ఎవరైనా వింటే పదవి ఊడుతుంది.”