సార్జెంటు గారి నలుగురు అభిమానులు

శనివారం ఉదయం పది గంటలకు ఎసెన్‌కుల్ ఒక్క మనిషి. మధ్యాహ్నం రెండయ్యేసరికి నలుగురయ్యాడు.

మొదటివాడి పేరు "నిజమైన ప్రేక్షకుడు". రెండోవాడు "పర్వతాల డేగ". మూడోవాడు "నారిన్ యువకుడు". యాభై ఆరేళ్ల వయసులో ఆ పేరు పెట్టుకోవడానికి ఎసెన్‌కుల్ ఏమాత్రం మొహమాటపడలేదు. నాలుగో ఆమె "నిష్పాక్షిక మహిళ". నలుగురికీ పని ఒక్కటే. గుర్రాల దొంగతనాల మీద తీసిన "ఎర్ర కనుమ" సీరియల్ రెండో సీజన్ కింద, జనం అభిప్రాయాలు రాసే చోట, సార్జెంట్ జాకిప్ పాత్రధారిని ఆకాశానికెత్తాలి. ఆ పాత్రధారి ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

ఆయన్ని చూసి నవ్వే ముందు ఆయన కష్టం కూడా వినాలి. ఎసెన్‌కుల్ ముప్పై ఒక్క ఏళ్లుగా నారిన్ పట్టణపు నాటకశాలలో నటుడు. నటుడంటే ఎప్పుడూ దూత వేషమే. ఎందరో ఖాన్ల కొలువుల్లోకి పరిగెత్తుకొచ్చి, "ప్రభూ, శత్రువులు వస్తున్నారు!" అని అరిచి, వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు. ఖాన్లు మారారు, శత్రువులు మారారు, ఈయన పరుగు మాత్రం మారలేదు. ఇన్నేళ్లకు మొదటిసారి, పేరున్న పాత్ర దొరికింది.

ఆ పాత్రకి ప్రాణగండం కూడా వెంటనే వచ్చింది. దర్శకుడు మైరంబెక్ ఫోనులో ఉన్నమాట చెప్పేశాడు.

"అన్నా, మూడో సీజన్లో జాకిప్ ఉంటాడా, మొదటి భాగంలోనే గుర్రం తన్ని పోతాడా అన్నది ఇంకా రాయలేదు. జనం ఏమంటారో చూసి రాస్తాం."

అప్పటినుంచి ఎసెన్‌కుల్ వీధిలో గుర్రం కనిపిస్తే చాలు, అవతలి పక్కకి దాటేవాడు.

కొత్త సీజన్లో మొదటి నాలుగు భాగాలు ఆ శనివారం ఒక్కసారే వచ్చాయి. పొయ్యిలో బొగ్గు వేసి, నూనెలో వేయించిన పిండి బోర్సోకులు పళ్లెం నిండా పెట్టుకుని, భార్య బురుల్చాతో కలిసి చూశాడు. బురుల్చా అదే నాటకశాలలో దుస్తులు కుట్టేది. ఈయన వేసుకున్న ప్రతి దూత టోపీ ఆమె చేతిదే. మోకాళ్లు నొప్పులు పట్టాక మానేసింది గాని, కన్ను మాత్రం మానలేదు.

"టోపీ వంకరగా ఉంది," అంది, జాకిప్ తెరమీదకి రాగానే.

"నటన చూడవే ముసలీ, టోపీ కాదు."

"టోపీ కిందే కదయ్యా నటన ఉండేది. సరేలే, చూస్తున్నా. ఎందుకలా అరుస్తున్నావు? ఆ పోలీసు మేజర్ పక్కనే ఉన్నాడుగా?"

"గొంతు! గొంతంటే అది! చివరి వరసదాకా వినిపించాలి!"

"ఇక్కడ చివరి వరస లేదు. మన గదే ఉంది."

ఎసెన్‌కుల్ మాట మార్చాడు. "దొంగల నాయకుడు కల్మురాత్ మాత్రం భలే చేశాడు కదూ?"

అనరానిది విన్నట్టు బురుల్చా గభాలున మెడ దగ్గర గౌను పట్టుకుంది. కల్మురాత్ అంటే మామగారి పేరు. ఆయన పోయి పన్నెండేళ్లయినా, కోడలిగా అడుగుపెట్టిన నాటినుంచి ఆ పేరు ఆమె నోటివెంట రాలేదు. ఊళ్లో అదే పేరున్న రొట్టెలవాడిని కూడా "ఓ రొట్టెలాయనా" అనే పిలుస్తుంది. "పెద్దవాళ్ల పేరు తీసుకొచ్చి గుర్రాల దొంగకి పెట్టారు, బుద్ధి లేని మనుషులు," అని గొణుక్కుని, పిండి పిసకడానికి వెళ్లిపోయింది.

భార్య పిండి పిసుకుతున్న ఆ కాసేపట్లోనే ఎసెన్‌కుల్ నలుగురయ్యాడు.

"సార్జెంట్ జాకిప్ నటన మహోన్నతం!!!" అని నిజమైన ప్రేక్షకుడు రాశాడు. "నేను కూడా అదే అనుకుంటున్నాను, మహోన్నతం!!!" అని డేగ వంత పాడింది. "జాకిప్‌కి మరిన్ని మాటలు రాయాలని యువతరం కోరుతోంది!!!" అని యువకుడు. "మగవాళ్లంటే నాకు సదభిప్రాయం లేదు, అయినా జాకిప్ వేరు!!!" అని నిష్పాక్షిక మహిళ. నాలుగూ రాసి, అచ్చం కొత్త ఖాన్ పట్టాభిషేకం చూసినవాడిలా వెనక్కి జారబడ్డాడు.

కాసేపటికి కింద ఇంకో అభిప్రాయం వచ్చి పడింది. రాసినవారి పేరు "చలికాలం".

"జాకిప్ మాట్లాడితే నారిన్ నది అవతల మేస్తున్న గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి. ఆ గొంతు పెద్దది, ఆ గది చిన్నది..."

కింద, మిగతాది చదవాలంటే ఇక్కడ నొక్కండి, అని ఉంది. ఎసెన్‌కుల్ నొక్కలేదు. మిగతాది ఎవడికి కావాలి? నలుగురినీ పిలిచి యుద్ధానికి బయలుదేరాడు.

ఆ వారమంతా ఆయన నాటకశాలలో భోజన విరామం యుద్ధభూమిలోనే గడిపాడు. చలికాలం ఒకటి రాస్తే ఈయన నాలుగు రాసేవాడు. చలికాలం మాత్రం తొణక్కుండా మేజర్ గురించి రాసేది, దొంగల కుక్క ఆక్‌టోష్ గురించి రాసేది, విధవరాలి గుర్రాలు పోయిన దృశ్యం గురించి రాసేది, మధ్యలో జాకిప్‌కి ఓ చురక అంటించేది. ఈయన మొదటి రెండు పంక్తులు చదివి రగిలిపోయేవాడు.

ఇంటికొచ్చాక బురుల్చా అడిగేది. "ఏమయ్యా, మొహం అలా కందిపోయింది? ఖాన్ ఎవరైనా తిట్టాడా?"

"చలికాలం," అనేవాడు పళ్లు కొరుకుతూ.

"మంచి కోటు వేసుకోమంటే వినవు," అనేది ఆమె.

శుక్రవారం నాడు కంగారులో పెద్ద తప్పు దొర్లిపోయింది. నారిన్ యువకుడిగా రాయాల్సింది నిష్పాక్షిక మహిళ పేరుతో రాసేశాడు. "ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ కూడా నేను జాకిప్‌నే తలుచుకున్నాను!!!"

నేరాల సీరియల్ చూసేవాళ్ల జోలికి పోకూడదని ఆయనకి అప్పుడు తెలిసింది. వాళ్లకి కావలసింది నేరమే కదా.

"నిష్పాక్షిక మహిళకి గడ్డం!" అని ఒకరు. "మేజర్‌ని పిలవండి!" అని ఇంకొకరు. ఎవరో ఖాళీగా ఉన్న మనిషి నలుగురు అభిమానులూ రాసిన వేళలన్నీ పక్కపక్కన పెట్టి, అందరూ రోజూ ఒంటిగంటకీ రెండింటికీ మధ్యనే రాస్తున్నారని తేల్చాడు. నలుగురూ "మహోన్నతం" అనే మాటే వాడుతున్నారని ఓ టీచరమ్మ పట్టుకుంది. సీరియల్లో మేజర్ నాలుగు భాగాలైనా ఒక్క గుర్రాన్నీ కనిపెట్టలేకపోయాడు. ప్రేక్షకులు నలభై నిమిషాల్లో అభిమాని దగ్గరికి వచ్చేశారు. "నలుగురూ ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరో మాకు తెలిసిపోయింది. జాకిప్ గారూ, లొంగిపోండి."

ఎసెన్‌కుల్ దుస్తుల గదిలో, వేలాడుతున్న ఖాన్ల అంగరఖాల మధ్య కూలబడ్డాడు. గుర్రం తన్నడం ఇక ఖాయం. అది మైరంబెక్ దాకా వెళితే తలెత్తుకోలేడు. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరూ గమనించలేదని బాధపడ్డాడు. ఇప్పుడు దేశమంతా గమనించింది, ఇలాగ.

మళ్లీ ఫోను చూశాడు. చలికాలం ఏదో రాసింది. తలమీద ఆఖరి గొడ్డలిపెట్టు అనుకుంటూ, మొదటిసారి చివరిదాకా చదివాడు.

"పోనివ్వండి. ముప్పై ఏళ్లు గుమ్మంలో నిలబడి అరిచి వెళ్లిపోయినవాడిని ఒక్కసారి గదిలో కూర్చోబెడితే కంగారుగానే ఉంటుంది. మెచ్చుకునేవాళ్లు లేక తనని తనే మెచ్చుకున్నాడు. దానికి కేసు పెట్టక్కర్లేదు. ఆ పెద్దాయన దొంగిలించిన గుర్రాల సంగతి చూడండి."

జనం ఏమనుకున్నారో గాని, అంతటితో మెత్తబడ్డారు. ఒకరిద్దరు నవ్వు బొమ్మలు పెట్టి గుర్రాల మీదికి వెళ్లిపోయారు.

ఎసెన్‌కుల్ మాత్రం కదల్లేదు. గుమ్మంలో నిలబడి అరిచేవాడని ఈ చలికాలానికి ఎలా తెలుసు? ఆయన ఫోను తెరని గబగబా జరుపుతూ, అది రాసినవన్నీ మొదటినుంచి వెతికాడు. మేజర్ని పేరుతో రాసింది. జాకిప్‌ని పేరుతో రాసింది. కుక్కని కూడా పేరుతో రాసింది. దొంగల నాయకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ పెద్దాయన". ఇంకోచోట "గొర్రెతోలు టోపీ ఆయన". జనమంతా కల్మురాత్, కల్మురాత్ అని మోతెక్కిస్తుంటే, ఈ ఒక్క మనిషి పదకొండు సార్లూ పక్కనుంచి తప్పుకుని వెళ్లింది.

ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి మెడ దగ్గర చొక్కా పట్టుకుంది.

ఎవరూ చూడని చోట, ఎవరూ ఎరగని పేరు పెట్టుకుని రాస్తూ కూడా, చనిపోయిన మామగారి పేరు ఆమె వేలికి రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఎసెన్‌కుల్‌కి రావాల్సిన కోపం రాలేదు. అయినా కోపం తెచ్చుకునే ఇంటికి వెళ్లాడు. మగాడన్నాక తెచ్చుకోవాలి కదా.

"చలికాలం గారూ!" అని గుమ్మంలోంచే అరిచాడు.

బురుల్చా టీ కాస్తూ తల తిప్పలేదు. "రండి నిష్పాక్షిక మహిళ గారూ. గడ్డం బాగా గీసుకున్నారే."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. ముగ్గురు మగాళ్లు, ఒక ఆడమనిషి, ఒక్కసారిగా మహోన్నతం అంటే ఈ ఊళ్లో ఇంకెవరయ్యా?"

"కట్టుకున్న దానివై ఉండి నా నోటిదగ్గర కూడు తీస్తావా? గొర్రెలు తలెత్తి చూస్తాయా? ఇప్పుడు గుర్రం తన్ని చస్తాను, నీకు సంతోషమేగా!"

"నువ్వు మొత్తం చదవలేదు కదూ?" అంది బురుల్చా.

ఆయన సమాధానం చెప్పేలోపు ఫోను మోగింది. మైరంబెక్. ఎసెన్‌కుల్ కంగారులో స్పీకరు నొక్కేశాడు. గదంతా వినిపించింది.

"అన్నా, మీ నలుగురూ బాగున్నారా?" మైరంబెక్ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "సరేలే, సిగ్గుపడకు. జాకిప్ చావడం లేదు."

"నిజంగానా తమ్ముడూ? ఆ అభిప్రాయాలు..."

"నీవి కాదన్నా. చలికాలం అని ఎవరో రాశారు. మేమంతా కూర్చుని చదువుకున్నాం. విను. 'ఆ గొంతు పెద్దది, ఆ గది చిన్నది. కానీ నాలుగో భాగంలో విధవరాలు తన గుర్రాల సంగతి చెబుతుంటే జాకిప్ ఒక్క మాటా మాట్లాడలేదు. విన్నాడు. అలా వినే మనిషి ఎదురుగా ఉంటే ఎవరైనా ఏడుస్తారు. నేనూ ఏడ్చాను.' అందుకని అన్నా, మూడో సీజన్లో ప్రతి భాగంలోనూ నువ్వుంటావు. బాధితులంతా వచ్చి నీకే చెప్పుకుంటారు."

"ఎన్ని మాటలు నాకు?" అన్నాడు ఎసెన్‌కుల్, గొంతు సవరించుకుంటూ.

"ఒక్కటీ లేదన్నా. ఉంటే చెడిపోతుంది."

ఫోను పెట్టేశాడు. ఎసెన్‌కుల్ నలుగురి బలగంతో వారం రోజులు పోరాడి, ఉన్న మాటలు కూడా పోగొట్టుకున్నాడు.

"ముసలీ," అన్నాడు చివరికి, "నీకో నిజం చెప్పాలి. ఆ దృశ్యంలో నాకో మాట ఉంది. పెద్దదే. మరిచిపోయాను. కెమెరా ఆపలేదు. ఏం చెయ్యాలో తెలీక ఆ అమ్మాయి చెప్పేది వింటూ కూర్చున్నాను. అదేం నటన కాదు."

బురుల్చా నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"తెలుసు," అంది. "నటనైతే నాకు ఏడుపెందుకు వస్తుంది? నీ నటన ముప్పై ఏళ్లు పక్కనుంచి చూశాను. ఆ విన్న మొహం ఎవరిదో నాకు తెలియదు. నా పెళ్లినాటినుంచి ఈ ఇంట్లో ఆ మొహం ఒక్కసారీ చూడలేదయ్యా. ఎవరో పరాయి ఆవిడ గుర్రాల కోసం దాన్ని తీశావే అని ఏడ్చాను."

ఎసెన్‌కుల్ నోరు తెరిచాడు.

"మాట మరిచిపో," అంది బురుల్చా. "కెమెరా ఆపలేదనుకో."

పెద్ద గిన్నె తీసుకుని అడుగున రెండు గుక్కల టీ మాత్రమే పోసి ఆయన ముందు పెట్టింది. వాళ్ల వైపు నిండా పోసి ఇస్తే తాగి వెళ్లిరమ్మని. ఇలా పోసిందంటే చాలాసేపు కూర్చోమని.

"తొంభై ఏడులో రాజధాని బిష్కెక్ నుంచి నాకో ఉత్తరం వచ్చింది. అక్కడి పెద్ద నాటకశాలలో దుస్తుల విభాగానికి రమ్మని. ఆ సాయంత్రం నీకు చెప్పాను. నువ్వు శత్రువులు వస్తున్నారని సాధన చేస్తున్నావు. ఊఁ అన్నావు. నేను ఇంకోసారి చెప్పలేదు."

అలాంటి ఉత్తరమేదీ ఎసెన్‌కుల్‌కి గుర్తు లేదు. నాకెప్పుడు చెప్పావు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాంతోపాటు, అప్పుడు పిల్ల కడుపులో ఉంది కదా, ఎలా వెళ్లేదానివి అన్నది కూడా వచ్చింది. రెండూ మంచి మాటలే, చివరి వరసదాకా వినిపించే మాటలు. రెండింటినీ టీతో మింగేశాడు.

"ఆ తరవాత?" అని మాత్రం అడిగాడు.

బురుల్చా ఆయన మొహంలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసింది. తరవాత పొయ్యి దగ్గరి చిన్న పీట లాక్కుని, నొప్పి మోకాలు చాపుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.