కిటికీలో ఉన్న పడవ

సాన్ పెద్రో పండగకు ముందురోజు పొద్దున ఎర్మెలిందా పెట్టుకున్న పనులు మూడే. పడవకు మిగిలిన రంగు వేయాలి, పోర్టు ఆఫీసులో బయలుదేరే అనుమతికి ముద్ర వేయించుకోవాలి, సాయంత్రం అరటికాయలు వేయించాలి. మర్నాడు జాలర్లను కాచే సాన్ పెద్రో విగ్రహం ఆమె పడవెక్కి సముద్రం మీద ఊరేగుతుంది. ఆ రేవులో ఏటా ఒక పడవకు వంతు. వంతు తప్పినవాళ్ళు మళ్ళీ వరసలో చివరికి పోవాలి. కిందటిసారి తన వంతు వచ్చిన ఏడు, సరిగ్గా పండగ పూటే ఇంజను చెడిపోయింది. అప్పటికి కొత్త పెళ్ళికూతురుగా ఉన్న ఎర్మెలిందాకు ఇప్పుడు నడక వచ్చిన మనవరాలుంది.

పడవ పేరు పోర్ఫియాదా, అంటే మొండిది. ఆ పేరు ఆమె తండ్రి పెట్టాడు. పడవను చూసి పెట్టాడో కూతుర్ని చూసి పెట్టాడో ఎవరూ అడగలేదు.

"నీలం వేశాం, తెలుపు వేశాం. మళ్ళీ ఈ వెండి రంగు దేనికి?" అన్నాడు భర్త ఫౌస్తినో, వలల కుప్ప మీదనుంచి లేవకుండానే.

"మెరవడానికి. ఎంత దూరాన్నుంచి చూసినా మన పడవే కనబడాలి."

ఆమె స్తంభానికి వేసింది, కమ్మీలకు వేసింది, లంగరుకు వేసింది. డబ్బాలో ఇంకా రంగు మిగిలింది. చుట్టూ చూస్తే పడవ గది కప్పు మీద ఒక వస్తువు మాత్రం పాతగా, తెల్లగా కనబడింది. అది ట్రాన్స్‌పాండరు. బోర్లించిన కుండలా ఉంటుందని రేవులో అందరూ దాన్ని కుండ అనే పిలుస్తారు. పడవ ఎక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి తెలుసుకుని, ఆ సంగతి పోర్టు ఆఫీసు తెరకు చేరవేయడం కుండ పని. తెర మీద కనబడని పడవను రేవు దాటనివ్వరు. ఎర్మెలిందా కుండకు ఒకటికి రెండుసార్లు దట్టంగా పూసి, వెనక్కి వంగి చూసుకుని తృప్తిపడింది.

పక్క పడవ యజమాని తెయోదోరో తన పడవ మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. వరసలో ఆమె తర్వాతి వంతు అతనిదే. ఆమె చిన్నకూతురి బాప్తిస్మంలో జ్ఞానపితగా నిలబడ్డాడు కాబట్టి ఇద్దరి మధ్యా అన్నాచెల్లెళ్ళ వరస, ఆ చనువుతో వచ్చే ఎత్తిపొడుపులూ ఉన్నాయి.

"ఏంటి చెల్లెమ్మా, పడవా, పెళ్ళివారి పళ్ళెమా?"

"నీ పడవ పక్కన పెట్టుకుంటే ఏదైనా పళ్ళెంలాగే ఉంటుంది అన్నా. ఎప్పుడు కడిగావు దాన్ని?"

తెయోదోరో నవ్వాడు గానీ, తన పడవ వైపు చూసుకుని నవ్వు ఆపేశాడు.

పోర్టు ఆఫీసులో ఓలివారెస్ అనే అధికారి కొత్తగా వచ్చాడు. నిబంధన తప్పని మనిషి. అతను తెర వైపు చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ పడవ లేదమ్మా."

"లేకపోవడం ఏంటి సార్. అదిగో, మీ కిటికీలోంచి చూడండి. మా ఆయన దాని మీద నిద్రపోతున్నాడు కూడా."

ఓలివారెస్ కిటికీలోంచి చూశాడు. పోర్ఫియాదా ఎండలో తళతళలాడుతోంది. ఫౌస్తినో నోరు తెరుచుకుని ఉన్నాడు.

"కిటికీలో ఉంది, కాదనను. తెర మీద లేదు. కిటికీని చూసి ముద్ర వేసే అధికారం నాకు లేదు."

"మరి ఏం చెయ్యమంటారు?"

"కుండ బాగుచేయించుకోండి. రేపు పొద్దున ఆఫీసు తెరిచేసరికి తెర మీద కనబడాలి. లేకపోతే విగ్రహం తర్వాతి వంతువాళ్ళ పడవెక్కుతుంది. పండగ కమిటీవాళ్ళు ముందే రాసిచ్చారు."

ఎర్మెలిందా పడవ దగ్గరికి వెళ్ళి, పానా తీసుకుని గది కప్పెక్కి, కుండ మరలు ఊడదీసింది.

"ఎక్కడికి?" అన్నాడు ఫౌస్తినో కళ్ళు తెరవకుండా.

"టౌనుకి, మెకానిక్కు దగ్గరికి. నువ్వు పడవలోంచి కదలకు. ఎవరైనా అడిగితే పడవ ఇక్కడే ఉందని చెప్పు."

"ఉందిగా."

"అదే చెప్పు."

ఆటోలో కుండను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా వాటేసుకుంది. రంగు ఇంకా తడిగానే ఉంది. దారి పొడుగునా గుంతలు. ఆటో ఎగిరినప్పుడల్లా కుండ ఆమె నల్ల పావడాకు రుద్దుకుంటోంది. వీధి మలుపులో రంగులూ ఇనుపసామాన్లూ అమ్మే కొట్టు ముందు జాలర్లందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో తెయోదోరో టోపీ కూడా కనబడింది. పండగ కదా, ఏవో కొనుక్కుంటున్నారు అనుకుంది.

ఊరు దాటి ఎడారి దారిలో పడేసరికి కుండ మీది వెండి రంగు సగం పైగా పావడాకు ఎక్కింది. కుండలో సొంత బ్యాటరీ ఉంటుంది, పడవ నుంచి ఊడదీసినా కొన్నాళ్ళు బతికే ఉంటుంది. పొద్దుటి నుంచి నోరు మూసుకున్న కుండ అక్కడ, ఇసుక దిబ్బల మధ్య, మళ్ళీ మాట్లాడింది.

పోర్టు ఆఫీసులో ఓలివారెస్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పోర్ఫియాదా తెర మీదికి వచ్చింది. వచ్చి, రేవుకు చాలా దూరంగా, ఉప్పుమడులు దాటుకుని, ఏ పడవా పోలేనంత వేగంగా టౌను వైపు పోతోంది. అతను కిటికీ చూశాడు. పడవ అక్కడే ఉంది. తెర చూశాడు. పడవ కోళ్ళఫారం పక్కనుంచి పోతోంది. వైర్‌లెస్ అందుకున్నాడు.

"పోర్ఫియాదా, మీరెక్కడున్నారు?"

"ఇక్కడే సార్," అన్నాడు ఫౌస్తినో, చెప్పమన్నట్టే.

"మీరు అనుమతి లేకుండా బయలుదేరారు."

"లేదు సార్. పడుకునే ఉన్నాను."

"మీ పడవ ఎడారిలో ఉంది."

ఫౌస్తినో పక్కకు వంగి కిందికి చూశాడు. నీళ్ళే ఉన్నాయి. "ఇక్కడ మాత్రం తడిగానే ఉంది సార్," అన్నాడు వినయంగా.

వేళాకోళమాడుతున్నాడని ఓలివారెస్‌కు కోపం వచ్చింది. అనుమతి లేకుండా రేవు దాటిన పడవను ఆపి, పట్టుకుని, వెనక్కి తేవాలని నిబంధన. పడవ నీళ్ళలో ఉండాలని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. ఇద్దరు నావికుల్ని మోటారుసైకిలు మీద పంపాడు.

టౌను మొదట్లో ఒక పూటకూళ్ళ పాక ఉంది. ఆటోవాడికి ఆకలేసి అక్కడ ఆపాడు. ఎర్మెలిందా కుండను బల్ల కింద పెట్టుకుని, వేయించిన చేప ముందు కూర్చుంది. నావికులు లోపలికి వచ్చి, చేతిలోని ఫోను మీది చుక్కనూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశారు.

"అమ్మా, పడవ ఆపండి," అన్నాడు పెద్దవాడు.

"ఏ పడవ బాబూ?"

"పోర్ఫియాదా."

"అది రేవులో ఉంది."

"లేదమ్మా. ఈ బల్ల కింద ఉంది."

ఎర్మెలిందా వంగి చూసి, లేచి నిలబడింది. "అయితే తెర మీద కనబడుతున్నట్టేగా. మెకానిక్కుతో పని లేదు, పదండి ముద్ర వేయించుకుంటాను."

"ముద్రా? మీ పడవను పట్టుకున్నామమ్మా. పట్టుకున్న పడవ కదలకూడదు."

ఆమె చేపను మధ్యలో వదిలేసి వచ్చింది. అలా చేయడం ఆమె జీవితంలో అదే మొదలు. సాయంత్రానికల్లా కుండ ఓలివారెస్ బల్ల మీదికి చేరింది. 'పడవ దొరికినది, రేవుకు చేర్చబడినది' అని అతను రాసుకున్నాడు. విగ్రహం తెయోదోరో పడవెక్కుతుందని కమిటీకి కబురు వెళ్ళింది.

ఇంటికొచ్చి ఎర్మెలిందా అరటికాయలు వేయించింది. "ఇంక ఎవరికి అవి?" అన్నాడు ఫౌస్తినో.

"రేపు పడవలో సాన్ పెద్రో వెంట వచ్చేవాళ్ళకి."

"ఏ పడవలో?"

"మన పడవలో." ఎలాగో ఆమెకు కూడా తెలియదు. అయినా ఇంకో వాయి వేసింది.

పొద్దున పోర్టు ఆఫీసు తలుపు తీసేసరికి ఆమె మెట్ల మీద ఉంది. వెనకాలే తెయోదోరో ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వీధి చివర విగ్రహం అప్పటికే భుజాలకెక్కింది, బ్యాండు మొదలైంది. ఓలివారెస్ తెర వెలిగించాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ పడవ లేదు," అన్నాడు తెయోదోరోతో.

"ఎదురుగా ఉంది కదా సార్."

"కిటికీ సంగతి అడక్కండి. అసలు ఎవరి పడవా లేదు. రేవు మొత్తం ఖాళీ. ఉన్నది ఒక్కటే." అతని వేలు తెర మీది చుక్కను చూపించింది. ఆ చుక్క పోర్టు ఆఫీసులోనే, అతని కాఫీ గ్లాసు పక్కనే ఉంది.

ఎర్మెలిందా కిటికీ దగ్గరికి వెళ్ళింది. రేవు నిండా పడవలు ఎండలో వెండిలా మెరుస్తున్నాయి. స్తంభాలు, కమ్మీలు, లంగర్లు, ప్రతి గది కప్పు మీదా ఒక వెండి కుండ. దేవుడి ముందు తన పడవ మాసినట్టు కనబడటం ఎవరికీ ఇష్టం లేకపోయింది. ఆమె మార్చుకోని నిన్నటి పావడా వైపు చూసుకుంది. ఒడి అంతా వెండి. బల్ల మీది కుండ వైపు చూసింది. తెల్లగా, గీతలు పడి, నిశ్చింతగా ఉంది. ఆమెకు సంగతి మొత్తం అర్థమైంది.

"సార్," అంది, "తెర మీద కనబడే పడవే వెళ్ళాలి, అంతేనా?"

"అంతే."

"కనబడేది ఏది?"

ఓలివారెస్ తెర చూశాడు, కుండ చూశాడు. బయట బ్యాండు దగ్గరికి వస్తోంది. "కానీ అది పట్టుకున్న పడవ."

"మొదటి తప్పుకు హెచ్చరిక రాసి వదిలేయొచ్చని ఆ గోడ మీదే ఉంది సార్. ఇందాక మీరు తెర వెలిగించేలోపు చదివాను."

అతను గోడ వైపు చూశాడు. నిజంగానే ఉంది. "సరే," అన్నాడు చివరికి. "కుండ బిగించుకుని వెళ్ళండి."

"మరలు సరిగా పట్టక అది నీళ్ళలో పడిందనుకోండి, తెర మీంచి పోతాం. విగ్రహంతో సహా మేం లేనట్టే. మీ బల్ల మీదుంటే మాత్రం ఎక్కడికీ పోదు."

ఆ మాటలో తప్పు కోసం ఓలివారెస్ నిబంధనలు ఎంత వెతికినా దొరకలేదు. ముద్ర వేశాడు.

విగ్రహం పోర్ఫియాదా ఎక్కింది. ఎర్మెలిందా చుక్కాని పట్టుకుంది, ఫౌస్తినో మెలకువగానే ఉన్నాడు. అరటికాయ ముక్కలు చేతులు మారాయి. ఒడ్డున నిలబడిపోయిన తెయోదోరోను చూసి ఆమె కేకేసింది.

"అన్నా, కుండను కిరసనాయిలుతో తుడుచుకో. వెండి రంగు దానికి పడదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే," అంది, పడవ తిప్పుతూ.

మధ్యాహ్నం దాకా సాన్ పెద్రో సముద్రమంతా తిరిగాడు. ఓలివారెస్ తెర ముందునుంచి కదలకుండా ఊరేగింపును జాగ్రత్తగా గమనించి, సాయంత్రం రిజిస్టరులో రాశాడు: పండగ ప్రశాంతంగా జరిగినది, ఏ పడవా రేవు దాటలేదు.