కాకిగారి కోసం

కాకికి తెలివి ఉందనీ, మనసు ఉందనీ, దానికి మర్యాద చెయ్యవలసిందేననీ మా అపార్టుమెంటు వాసులందరమూ కిందటి నెల కృష్ణ ఒడ్డున ఏకగ్రీవంగా ఒప్పుకున్నామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ అభిప్రాయం మధ్యాహ్న భోజనాల దాకా అమల్లో ఉంది.

సందర్భం మా అసోసియేషన్ అధ్యక్షులు జయకృష్ణగారి పదోరోజు కర్మ. విజయవాడ నగరంలో మా అపార్టుమెంటు ఇవాళ ఇంత శుభ్రంగా ఉందంటే అది ఆయన చలవే. కార్లమీద రెట్టలు పడుతున్నాయని గేటు పక్కనున్న బాదంచెట్టును గూళ్లతో సహా కొట్టించారు. కూలిన గూళ్ల చుట్టూ కాకులు గోల పెడితే, "అవి ఏడవడం లేదండీ, వాటి గొంతే అంత" అని మాకు ధైర్యం చెప్పారు. తరవాత డాబామీద వాలినవాటిని టపాసులు కాల్పించి తరిమేశారు. ఆ సేవకు మేము ఆయనకు శాలువా కప్పాం. మహానుభావుడు.

అటువంటి ఆయన పిండాన్ని ఆకులో పెట్టి, అందరం దూరంగా జరిగి నిలుచున్నాం. కాకి రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవారికి తృప్తి లేనట్టే. ఆయన భార్య సుబ్బరత్నంగారు షుగరు మనిషి. కాకి ముట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా తాగనని రేవు మెట్లమీద కూర్చున్నారు. ఎండ ముదిరింది. ఆవిడ వెనక మెట్టుకు చేరగిలబడ్డారు.

పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుందని పంతులుగారు సెలవిచ్చారు. పెద్దకొడుకు కిరీటి ఆకాశంకేసి చేతులు జోడించి, "నాన్నా, చల్లపల్లి పొలం అమ్మం. ఒట్టు!" అన్నాడు. కాకి రాలేదు. చిన్నకొడుకు లక్ష్మీకాంత్, "అమ్మని నేనే చూసుకుంటా నాన్నా" అన్నాడు. కాకులు ఆ మాట నమ్మినట్టు కనపడలేదు. అల్లుడు ఏ మాటా ఇవ్వకుండా ఫోను మాట్లాడుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు మా మూడో అంతస్తులో ఉండే జువాలజీ లెక్చరరు యేసుకుమార్‌గారు గొంతు సవరించుకున్నారు. "కాకి చాలా ఇంటెలిజెంట్ బర్డ్ అండీ. హాని చేసినవాళ్ల మొహం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటది. తోటి కాకులక్కూడా చూపిస్తది. సైంటిస్టులు ప్రూవ్ చేశారు."

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదని ఆయన్ని ఎవరూ అడగలేదు. జేబురుమాళ్లు తీసి అందరం ముఖాలకు కట్టుకున్నాం. ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. టపాసులు కాల్చిన వాచ్‌మన్ పాల్‌ని వ్యానులో దాచిపెట్టాం. కిరీటి కాసేపు ఆలోచించి, పిండం పక్కన ఉన్న తండ్రి ఫొటోమీద తువ్వాలు కప్పాడు.

"దయచేయండి కాకిగారూ" అని పంతులుగారు పిలిచారు. "తమరు పెద్దలు, మా తప్పులు మన్నించాలి" అని లక్ష్మీకాంత్ అందుకున్నాడు. బతికుండగా తండ్రిని అతను అంత మర్యాదగా పలకరించడం మేము వినలేదు.

చివరికి ఎక్కడినుంచో ఒక ముసలి కాకి వచ్చింది. మెడ తిప్పి మా ముసుగులన్నీ చూసింది. పిండాన్ని పొడిచింది. సుబ్బరత్నంగారు భోరుమన్నారు. "వచ్చారా! ఎంత ఆకలేసిందో ఏమో!" కేవలం భోజనానికి వచ్చిన నేనే ఆ మాటకు రుమాలు విప్పి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాటినుంచి ఆవిడ బాల్కనీ గోడమీద గుప్పెడు అన్నం పెట్టసాగారు. రోజూ ఒక కాకి వచ్చేది. ఆవిడ దానితో మోకాళ్ల నొప్పుల గురించీ, కూరలో ఎక్కువైన ఉప్పు గురించీ చెప్పుకునేవారు. అధ్యక్ష పదవి ఇప్పుడు లక్ష్మీకాంత్‌ది. మొన్న ఆదివారం, అప్పుడే కడిగించిన కారుమీద తెల్లటి మరక చూసి, అతను పైకి వెళ్లి తల్లి చేతిలో గిన్నె లాక్కున్నాడు.

"మీ నాన్నరా అది" అన్నారావిడ.

"నాన్నయితే ఆ రోజే తిని వెళ్లిపోయారు కదమ్మా. రోజూ వచ్చేది కాకి."

ఈ వాదనలో మాకెవరికీ లోపం కనపడలేదు. ఆ సాయంత్రమే టపాసులు తెప్పించాం. సుబ్బరత్నంగారు బాల్కనీ తలుపు మూసేసుకున్నారు. మళ్లీ తెరవలేదు.

ఇందుమూలంగా పాఠకులకు మనవి. మా అపార్టుమెంటులో వయసు మళ్లినవాళ్లం చాలామందిమి ఉన్నాం. మీ వీధిలో ఇంకా కాకులు మిగిలి ఉంటే, మా అవసరం వచ్చేదాకా వాటిని జాగ్రత్తగా చూసుకోగలరు.