యార్డులో కృపావరం సెలవులు

లారీ డ్రైవర్లకు సెలవులు లేవని గోల చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కలెక్టరుకు లేనన్ని, బడిపిల్లలు కలలో కూడా చూడనన్ని సెలవులు ఈ దేశంలో అనుభవిస్తున్నది లారీ డ్రైవర్లే! నమ్మరా? అయితే మాచవరం మండలానికి రండి, కృపావరాన్ని చూపిస్తాను.

కృపావరం పద్నాలుగు చక్రాల లారీ నడుపుతాడు. ఇక్కడి ఫ్యాక్టరీలో సిమెంటు ఎక్కించుకుని ఒడిశాలో దించుతాడు. అటు నుంచి ఏ లోడు దొరికితే అది పట్టుకుని తిరిగొస్తాడు. ఒక ట్రిప్పుకు పన్నెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇరవై. తిరిగొచ్చాక మళ్లీ సిమెంటు ఎక్కించుకోవాలంటే ఫ్యాక్టరీ ముందున్న యార్డులో టోకెను తీసుకుని వరసలో ఆగాలి. ఈసారి అతని నంబరు నూట అరవై నాలుగు. లోపల లోడవుతున్నది ఇరవై ఒకటో నంబరు. ఎంత లేదన్నా మూడు రోజులు!

ఆ మూడు రోజులూ స్టీరింగు పట్టుకునే పని లేదు, గేరు మార్చే పని లేదు. దీన్ని సెలవు అనక ఇంకేమంటారు?

వసతుల సంగతి చెప్తే మీకు కుళ్లు పుడుతుంది. మే నెల పల్నాటి ఎండకు క్యాబిన్‌లో కూర్చోలేం కాబట్టి పడక లారీ కింద. నేల మెత్తన, సిమెంటు దుమ్ము అంత చక్కగా పరుచుకుని ఉంటుంది. పౌడరు కొనే ఖర్చు లేదు, పొద్దున లేచేసరికి మొహాలన్నీ తెల్లగా ఉంటాయి. మరుగుదొడ్డి ఎక్కడని అడక్కండి. యార్డు చుట్టూ సర్కారు తుమ్మ చెట్లు ఎందుకున్నాయనుకున్నారు? గాలీ వెలుతురూ అంత ధారాళంగా వచ్చే బాత్‌రూము ఏ స్టార్ హోటల్లో ఉంది? స్నానానికి నీళ్ల ట్యాంకరు ఉంది. అది రోజూ వస్తుంది. నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు వస్తాయి.

జీతం మాటేమిటంటారా? చక్రం తిరిగితేనే బత్తా. అది నరసరావుపేటలో ఉండే ఓనరు ప్రసాద్ పెట్టిన నియమం. యార్డులో చక్రం తిరగదు, బత్తా లేదు. సెలవులో ఉన్నవాడికి డబ్బులేమిటి, అత్యాశ కాకపోతే! లారీకి మాత్రం రెండో రోజు నుంచి హాల్టింగ్ చార్జీ వస్తుంది. పాపం లారీ ఎండలో నిలబడుతుంది కదా. ఆ డబ్బు దాని తరఫున ప్రసాదే తీసుకుంటాడు.

అసలు విశేషం ఇంకా చెప్పలేదు. కృపావరం ఇల్లు యార్డుకు సరిగ్గా నాలుగు కిలోమీటర్లు. క్యాబిన్ మీదికెక్కితే అతని డాబా మీది నీలం రంగు నీళ్ల ట్యాంకు కనపడుతుంది. సముద్రం కనపడే గదులకు జనం వేలకు వేలు పోస్తున్నారు. కృపావరానికి హౌస్ వ్యూ ఉచితం!

మరి ఇంటికి వెళ్లొచ్చు కదా అంటారేమో. సెలవులో ఉన్న మనిషి ఊరికే తిరగకూడదు. కాగితాలు లేని బళ్లను పక్కకు తప్పించినప్పుడల్లా వరస గబుక్కున ముందుకు జరుగుతుంది. మైకులో నంబరు మూడుసార్లు పిలుస్తారు. డ్రైవరు స్వయంగా వచ్చి గేటు దగ్గర కెమెరాకు మొహం చూపించాలి. చూపించలేదా, టోకెను రద్దు. మళ్లీ చివరి నుంచి మొదలు. మనిషి కోసం ఇంతగా ఎదురుచూసే కెమెరాను వదిలి ఎక్కడికి పోతాడు?

ఆ కెమెరా కృపావరాన్ని రెండు సెకన్లలో గుర్తుపడుతుంది. గుర్తుపట్టనిది దీపికే.

దీపిక కృపావరం కూతురు. పద్నాలుగు నెలల పిల్ల. పుట్టినప్పటి నుంచి నాన్న ఇంట్లో పడుకున్న రాత్రులు తొమ్మిది అని తల్లి రత్నకుమారి వేళ్ల మీద చెప్తుంది. మొదటి రోజు సాయంత్రం రత్నకుమారి క్యారేజీ పట్టుకుని, పిల్లను చంకనేసుకుని ఆటోలో యార్డుకు వచ్చింది. లారీని చూసి దీపిక కిలకిలా నవ్వింది, చప్పట్లు కొట్టింది. లారీ కింద నుంచి బయటికొచ్చిన తెల్లటి మనిషిని చూసి యార్డు అదిరిపోయేటట్టు ఏడ్చింది. కృపావరం మొహం కడుక్కుని వచ్చాడు. ఇంకా గట్టిగా ఏడ్చింది.

“ఒక్కపూట ఇంటికాడ ఉంటే అలవాటు పడుద్దయ్యా. ఈ ఎండలో, ఈ హారన్ల మధ్య పిల్ల నిన్నేం గుర్తుపడుద్ది?” అంది రత్నకుమారి.

“టోకెనో?”

“అయితే ఆ టోకెన్నే పెంచుకో!”

నాలాంటి పెద్దమనిషి అక్కడుంటే ఆమెకు సెలవుల గొప్పతనం వివరించేవాణ్ణి. లేకపోయాను. ఆ మాట మాత్రం కృపావరాన్ని రెండు రోజులు పొడుచుకు తిన్నది.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నానికి నంబరు నూట ముప్పై ఒకటి దగ్గరుంది. పక్క లారీ డ్రైవరు మౌలాలీ తన బండి తాళం తీసి కృపావరం చేతిలో పెట్టాడు. లారీది కాదు లెండి, క్యాబిన్ వెనక కట్టుకుని తిరిగే పాత మోపెడ్‌ది.

“పో అన్నా. ఇంకా ముప్పై బళ్లున్నయ్. రెండు గంటల్లో ఏం మునిగిపోదు. పిలిస్తే నేను ఫోను జేస్తా.”

ఇలా క్రమశిక్షణ తప్పేవాళ్ల వల్లే కదా రవాణా రంగం పాడైపోతున్నది! కృపావరం ఇంటికెళ్లి తలారా స్నానం చేశాడు. పప్పుచారుతో అన్నం తిన్నాడు. గచ్చు మీద చాప వేసుకుని, పిల్ల వంక చూడకుండా, పైకప్పు చూస్తూ పడుకున్నాడు. దీపిక కాసేపు ఏడ్చింది. తర్వాత తల్లి కొంగు చాటు నుంచి తొంగి చూసింది. తర్వాత పాక్కుంటూ వచ్చి అతని మీసం పట్టుకుని లాగింది. నిజమైన మీసమేనని తేల్చుకున్నాక పొట్ట మీదికెక్కి, అక్కడే బోర్లా పడి నిద్రపోయింది. కృపావరం ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు.

ఫోను మోగింది. మౌలాలీ.

“అన్నా, పాతిక బళ్లు పక్కనబెట్టేశారు! నీ నంబరు పిలుస్తన్నారు, తొందరగా రా!”

నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు లేచినా అందుకోవచ్చు. లేస్తే పిల్ల లేస్తుంది. కృపావరం ఫోను పక్కన పెట్టి, పిల్ల వీపు మీద చెయ్యి వేసి అలాగే పడుకున్నాడు.

ముప్పావు గంట తర్వాత, టోకెను రద్దయిన కబురు అంది ప్రసాద్ ఫోను చేశాడు. ఆయన అరుస్తున్నాడు, కృపావరం గుసగుసలాడుతున్నాడు.

“యాడున్నావురా?”

“ఇంటికాడ అన్నా.”

“డ్యూటీలో ఉండి ఇంటికెట్టా పోయావు?”

“డ్యూటీనా అన్నా? అయితే మూడు రోజుల బత్తా రాయండి.”

“బండి కదలకుండా బత్తా ఏందిరా? ఊరికే కూర్చున్నోడికి ఎవుడన్నా డబ్బులిస్తాడా?”

“ఆ ఊరికే కూర్చునేదేదో ఇంటికాడ కూర్చున్నానన్నా.”

ప్రసాద్ గొంతు ఇంకా పెంచాడు.

“అయితే ఇంక ఆడే కూర్చో. తాళాలు మౌలాలీకిచ్చి పో!”

పాఠకులారా, ఇక్కడ నేనొక చిక్కులో పడ్డాను. బత్తా అడిగితే అది సెలవు. ఇంటికెళితే అది డ్యూటీ. ఇందాకటి నుంచి సెలవు సెలవని మీ చెవుల్లో జోరీగలా మోగిన నేను ఇప్పుడేం చెప్పను? ఒక మనిషి మూడు రోజులు పని చేశాడో లేదో ఓనరుకూ తెలియదు, ఫ్యాక్టరీకీ తెలియదు. తుమ్మ చెట్లకు తెలుసేమో.

ఉద్యోగం పోయిన కృపావరం సోమవారం ఇంట్లోనే ఉన్నాడు. దీపిక అతని భుజమెక్కి వీధంతా తిరిగింది. మంగళవారం సాయంత్రానికి “నాన” అంది. రత్నకుమారి పదిసార్లు అనిపించింది. ఇరుగుపొరుగును పిలిచి మరో పదిసార్లు అనిపించింది. కృపావరం మొహం చాటు చేసుకుని పెరట్లోకి పోయాడు.

ఈలోగా నరసరావుపేటలో ప్రసాద్ డ్రైవరు కోసం వెతుకుతున్నాడు. ఒకడు ముందే అడ్వాన్సు కావాలన్నాడు. ఇంకొకడు యార్డులో మూడు రోజులా అని అక్కడి నుంచే దణ్ణం పెట్టాడు. బుధవారం పొద్దున్నే ఫోను వచ్చింది.

“ఏరా, అంత కోపమా? నాలుగు మాటలంటే పడలేవా? రా, రా.”

ఆ డాబా ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. కృపావరం వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా దీపిక ఏడుపు వినపడింది. ఈసారి అతన్ని చూసి కాదు, అతను పోతున్నందుకు. కొత్త టోకెను నంబరు నూట డెబ్బై ఎనిమిది.

కాబట్టి లారీ ఓనర్లకు నా మనవి. డ్రైవర్లకు సెలవులిస్తే, ఆగిన రోజులకు బత్తా ఇస్తే మీ వ్యాపారాలు దివాలా తీస్తాయని నాకు తెలుసు. అంత కష్టం మీకు వద్దు. నెలకొక్కసారి, రెండంటే రెండు రోజులు, వాళ్ల ఉద్యోగం పీకేయండి. మీకు పైసా ఖర్చుండదు, పిల్లలకు తండ్రుల మొహాలు గుర్తుంటాయి.