ఫింటన్ గొంతుకు దొరికిన కుర్చీ

ఫింటన్ కోక్లీ దిగులంతా శనివారాల గురించే. పెళ్లయిన నాటినుంచీ శనివారం మధ్యాహ్నమంటే పొయ్యిలో నిప్పు, రేడియోలో ఐర్లండ్ వాళ్ల హర్లింగ్ ఆట, పక్క కుర్చీలో బ్రీడా. ఇప్పుడు నిప్పుంది, ఆటుంది, కుర్చీ మాత్రం ఖాళీ.

భార్యామణి చర్చి పక్క హాలులో, అమెరికా పల్లెటూళ్ల పాత భక్తిగీతాలు పాడే గుంపులో చేరిపోయింది. వాళ్ల పాటల పుస్తకంలో స్వరానికో ఆకారం. ముక్కోణమైతే ఫా, గుండ్రమైతే సోల్, చతురస్రమైతే లా అనుకుంటూ సంగీతం రానివాళ్లు కూడా పాడేస్తారట. చలికాలమంతా ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తూ కూడా ఫా సోల్ లా అంటూనే ఉంది.

మానెయ్యమని అడిగే ధైర్యం ఫింటన్‌కు లేదు. ఆవిడంతట ఆవిడే మానెయ్యాలి. అందుకు ఆయన దగ్గరున్న ఆయుధం ఒక్కటే, తన గొంతు. చిన్నప్పుడు బడిలో టీచరమ్మ ఆయన్ని నోరు మాత్రం కదిపితే చాలంది. ఆయన స్నానాలగదిలో పాటెత్తుకుంటే పక్కింటి కుక్క మంచం కిందికి దూరుతుంది. హాలుకెళ్లి గొంతెత్తితే వాళ్లే పొమ్మంటారు. మొగుణ్ణి పొమ్మన్న చోట బ్రీడా ఒక్క క్షణం ఉండదు.

"ఈ శనివారం నేనూ వస్తా," అన్నాడు.

బ్రీడా దుంప మీంచి తలెత్తలేదు. "ఆట పోతుందేమో."

"పోతే పోనీ. నీకంటే ఆటెక్కువా నాకు?"

"ఇన్నాళ్లూ ఆ అనుమానం ఉండేదిలే," అంది.

హాలులో వినేవాళ్లంటూ ఎవరూ లేరు. నాలుగు వైపులా కుర్చీలు వేసుకుని, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ అందరూ పాడేవాళ్లే. నిర్వహణ చూసే ఊనా అనే పెద్దావిడ ఫింటన్‌కు కొత్తల్లుడికి చేసినంత మర్యాద చేసి, మగవాళ్ల బొంగురు గొంతుల వైపు, పడవ నడిపే డోనల్ పక్కన కూర్చోబెట్టింది.

మొదటి పాటకే ఫింటన్ విజృంభించాడు. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. పాటయ్యాక చేతులు కట్టుకుని, తిట్ల కోసం ఎదురుచూశాడు.

డోనల్ ఆయన భుజం పట్టుకుని ఊపేశాడు. "ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కున్నావయ్యా బాబూ? ఈ వైపు గట్టి గొంతు లేక అల్లాడిపోతున్నాం."

స్వరం తప్పింది కదా అని ఫింటన్ గుర్తుచేస్తే, అది దానంతటదే దారికొస్తుందనీ, అసలు చిక్కల్లా గొణిగేవాళ్లతోనేననీ అన్నాడు డోనల్. రెండో పాటలో ఫింటన్ అందరికంటే ముందు మొదలెట్టి, అందరూ ఆపాక ఆపాడు. టీ విరామంలో ఊనా మెచ్చుకుంటూ ఆయన పళ్లెంలో ఇంకో యాపిల్ టార్ట్ ముక్క వేసింది.

ఫింటన్‌కు ఒళ్లు మండింది. అసలు మీరెవర్నీ పొమ్మనరా అని అడిగేశాడు.

"పరీక్ష పెట్టి చేర్చుకోం కదా నాయనా," అంది ఊనా. "ఏ వంకతో పంపించేస్తాం?"

విరామమయ్యాక ఊనా ఆయన్నే పిలిచింది. అక్కడి పద్ధతే అంత, వచ్చినవాళ్లెవరైనా నడిమధ్య నిలబడి ఓ పాట నడిపించొచ్చు. ఫింటన్ లేచెళ్లి, బ్రీడా దుంపల దగ్గర పాడుకునే పాటే అడిగి, చెయ్యెత్తి దించాడు.

నాలుగు వైపులనుంచీ పాట వచ్చి మీద పడింది. కాళ్ల కింద చెక్కనేల సన్నగా అదిరింది. కిటికీ అవతల సన్నవాన, దాని వెనక సముద్రం, రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. తన చెయ్యి పైకీ కిందికీ తేలుతోంది గానీ, దాన్ని ఊపుతున్నది తనేనా అన్నది ఆయనకు తెలియలేదు. అంత హోరులోనూ బ్రీడా గొంతు విడిగా వినబడింది. ఇన్ని శనివారాలు ఆవిడ ఎక్కడికొస్తోందో అప్పుడర్థమైంది. తనింత దూరంగా ఉండిపోయానని ఏడుపొచ్చింది.

ఇంటిదారిలో బ్రీడా ఆయన చెయ్యి పట్టుకుంది. "తరిమేస్తారనే కదూ వచ్చావు?"

"నీకెలా తెలుసు?"

"ఉత్తినే రమ్మంటే నువ్వొస్తావా? నిన్నా కుర్చీలోంచి లేపడానికే చలికాలమంతా ఫా సోల్ లా అని చంపుకుతిన్నాను. మగవాళ్ల వైపు గొంతులు చాలట్లేదని డోనల్ గోలపెడుతుంటే, మా ఇంట్లో ఒకటి వృథాగా పడుంది, పట్టుకొస్తానుండు అన్నాను."

ఫింటన్ వానకు కోటు పైకి లాక్కున్నాడు.

"వచ్చేవారం కాస్త తొందరగా బయల్దేరదాం," అన్నాడు. "డోనల్ పక్క కుర్చీ ఎవడైనా కొట్టేస్తాడు."